చాప మీద చోటు

నందిగామ,
16 జూన్ 2025

ప్రియమైన ప్రేమకి,

నిన్న నీ ఫోను మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఎత్తాను. నువ్వేదో అడిగావు, నేనేదో చెప్పాను, చివరికి నువ్వు నవ్వి పెట్టేశావు. చెవిలో పెట్టుకున్న మిషను ఫోను దగ్గరికి తేగానే ఈల వేస్తుంది. పోనీ మెసేజి పెడదామంటే ఒక్క వేలితో నాలుగు మాటలు కొట్టేసరికి మధ్యాహ్నమవుతుంది. అందుకని ఉత్తరం. పదకొండేళ్ళు ఒకే స్టాఫ్‌రూములో పక్కపక్కన కూర్చున్న వాళ్ళకి ఉత్తరాలేమిటని నవ్వకు. నేను తెలుగు చెప్పినదాన్ని, నువ్వు లెక్కలు చెప్పినదానివి. రెండు పేజీలు రాయడం మనకొక లెక్కా?

అసలు సంగతికి వస్తాను. నాలుగు ఆదివారాల నుంచి నేను చర్చికి వెళుతున్నాను.

సౌభాగ్యమ్మ పేరు నీకు చెబుతుండేదాన్ని కదా, మా కుటుంబరావుగారు పక్షవాతంతో మంచాన పడ్డ ఎనిమిది నెలలూ ఇంటికొచ్చి ఆయన్ని చూసుకున్న ఆయా. ఆయన పోయి ఏడాదిన్నర అయినా వారానికోసారి తొంగి చూసి వెళుతుంది. మే నెలలో ఒక ఆదివారం వచ్చి, "ఒక్కరే కూర్చుని ఏం చేస్తారు మేడంగారూ, మా చర్చికి రండి, గంట కూర్చుని వద్దురుగాని" అంది. పిల్లలు లేని ఇల్లు. గోడలతో ఎంతకని మాట్లాడతాను? చీర మార్చుకుని వెళ్ళాను.

కాలనీ చివర, రేకుల కప్పు వేసిన పొడుగాటి గది. పాస్టరు శాంతయ్యగారు వారమంతా ఆటో తోలుతారు, ఆదివారం వాక్యం చెబుతారు. ఆ గదికి అవసరం లేనంత పెద్ద సౌండు బాక్సులు రెండు పెట్టారు. చుట్టుపక్కల వాళ్ళు తిట్టుకుంటారట గాని, ప్రేమా, నాకు ప్రతి మాటా వినిపించింది. నాలుగేళ్ళ తరువాత ఒక మనిషి మాట్లాడుతుంటే "ఆఁ?" అని అడగకుండా మొదటి నుంచి చివరిదాకా విన్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకు దేవుడు కనిపించాడని సౌభాగ్యమ్మ అనుకుంది. నేనూ కాదనలేదు.

ఎంత మర్యాద చేస్తారో. నేను వెళ్ళగానే ఎవరో పరుగున పోయి కుర్చీ తెచ్చి ముందు వరుసలో ఫ్యాను కింద వేస్తారు. మిగతా ఆడవాళ్ళంతా చాపల మీదే కూర్చుంటారు.

నువ్వు పుట్టుకతో చర్చి మనిషివి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఏం అనకూడదో అన్నీ వివరంగా రాయి. రాయడమెందుకు, వచ్చి నాలుగు రోజులుండి పో. జగ్గయ్యపేటలో బస్సెక్కితే ముప్పావు గంట. ఆయన పోయిన రోజు వచ్చి వెళ్ళావు, అంతే, మళ్ళీ నీ ముఖం చూడలేదు.

నీ
అహల్య


జగ్గయ్యపేట,
24 జూన్ 2025

అహల్యగారికి ప్రేమకుమారి వందనాలు.

ఇకనుంచి మీకు నమస్కారాలు ఉండవు, వందనాలే. ఇది మొదటి పాఠం.

మీ ఉత్తరం అయిదు రోజులకి చేరింది. నడిచొచ్చినా ముందే వచ్చేది. మా రత్తయ్యగారు నాకంటే ముందు చదివేశారు. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక ఆయనకి నా ఉత్తరాలు చదవడమే డ్యూటీ. చదివి, "మీ తెలుగు మేడం మనలో కలిసిందే" అని వీధిలో నలుగురికి చెప్పి వచ్చారు.

నాకు సంతోషమే. కాస్త ఉడుకుమోత్తనం కూడా వచ్చిందని చెప్పాలి. ప్రతి క్రిస్మస్‌కీ మిమ్మల్ని మా చర్చికి పిలిచాను. ఒక ఏడు మీకు జలుబు, ఒక ఏడు ఇంట్లో చుట్టాలు, ఒక ఏడు పేపర్లు దిద్దాలి. సౌభాగ్యమ్మ ఒక్కసారి పిలిస్తే చీర మార్చుకుని వెళ్ళారు. ఏం చేస్తాం, నా పిలుపులో బాక్సులు లేవు.

పద్ధతులు అడిగారు. తల మీద కొంగు వేసుకోండి. మీ చీరలన్నీ జారేవే, పిన్నీసు పెట్టుకోండి. అందరూ లేచాక లేవండి, అందరూ కూర్చున్నాక కూర్చోండి, ఎవరూ పట్టుకోరు. ప్రార్థన జరిగేటప్పుడు కళ్ళు తెరిచి చూడకండి. పరీక్ష హాలు అలవాటు కొద్దీ మీరు చూస్తారని నాకు తెలుసు. ఏదో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పమంటారు, అంటే దేవుడు మీకేం మేలు చేశాడో లేచి చెప్పడం, దానికి నోట్సు రాసుకుని వెళ్ళకండి. అన్నిటికంటే ముఖ్యం, శాంతయ్యగారి తెలుగులో తప్పులు దిద్దకండి. ఆయన ఆటో ఎక్కాల్సిన అవసరం మీకు రోజూ ఉంటుంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. బుధవారం ప్రార్థన, శుక్రవారం ఉపవాసం అన్నీ ఒక్కసారే మొదలుపెట్టి కళ్ళు తిరిగి పడకండి.

రావాలనే ఉంది. మోకాళ్ళు బస్సు మెట్టు ఎక్కనివ్వడం లేదు. తగ్గాక చూద్దాం.

మీ
ప్రేమకుమారి


నందిగామ,
15 జూలై 2025

ప్రేమా,

నీ మోకాళ్ళకి నువ్వు వాడే నూనె పేరు రాయి. నాకూ కావాల్సి వచ్చేలా ఉంది.

ఒక సంగతి చెప్పాలి. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని సౌభాగ్యమ్మతో ఎప్పుడో అన్నాను. ఆమె ఊరుకుందా? ప్రార్థన మనవుల్లో లేచి, "మేడంగారికి నిద్ర పట్టాలని అందరూ ప్రార్థన చెయ్యండి" అంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. మిరపచేలకి పోయేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు, పొద్దంతా ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళు, ఖాళీగా కూర్చునే నాకు నిద్ర పట్టాలని కళ్ళు మూసుకుని అడిగారు. ఒక ముసలమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఆ తరువాత ఏం జరిగిందనుకున్నావు? వాక్యం మొదలయిన పది నిమిషాలకి, ఆ బాక్సుల హోరులో, ఆ కుర్చీలోనే నిద్రపోయాను. గంటసేపు. ఎవరూ లేపలేదట. శాంతయ్యగారు బాక్సుల సౌండు కూడా తగ్గించారట, మొదటిసారిగా.

నాకు వాళ్ళు కావాలి, ప్రేమా. అరవై మూడేళ్ళ వయసులో ఈ మాట రాయడానికి మొహమాటంగా ఉంది, అయినా నీకు కాక ఎవరికి రాస్తాను? వారమంతా ఆదివారం కోసం చూస్తున్నాను. ఆ ఆడవాళ్ళు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు పిల్లల్ని పడేసుకుని, ఒకళ్ళ పాటల పుస్తకంలోకి ఒకళ్ళు తొంగిచూస్తూ కూర్చుంటారు. నేను ఒక్కదాన్నే కుర్చీ మీద, గ్రూపు ఫోటోలో హెడ్మాస్టరులా.

ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడ ప్రేమ విందు. అందరూ తలా ఒక గిన్నె తెచ్చుకుని, కలుపుకుని, చాపలు తీసి బంతులుగా కూర్చుని తింటారు. మొన్న విస్తళ్ళు వేసే వేళకి సౌభాగ్యమ్మ నా పక్కకొచ్చి, "మీకు పొద్దుపోద్ది మేడంగారూ, ఆటో వచ్చింది" అని గేటుదాకా సాగనంపింది. చేతిలో నాలుగు అరటిపళ్ళు పెట్టింది. ఆటోలో కూర్చున్నాక వంకాయ కూర వాసన వచ్చింది. వెనక్కి వెళ్ళాలనిపించింది గాని ఏ ముఖంతో వెళ్ళను?

ఆలోచిస్తే ఇదంతా ఆ కుర్చీ వల్లే వచ్చింది. నా ఒక్కదానికే కుర్చీ ఉండబట్టి నేను వేరుగా కనిపిస్తున్నాను. అందరికీ కుర్చీలుంటే ఈ గొడవే లేదు. చర్చికి యాభై కుర్చీలు ఇద్దామనుకుంటున్నాను. ఏమంటావు?

నీ
అహల్య


జగ్గయ్యపేట,
24 జూలై 2025

అహల్యగారికి వందనాలు.

కుర్చీలు కొనకండి.

ఎందుకని అడగకండి, ఈసారికి నా మాట వినండి. వంకాయ కూర గురించి చదివి మా రత్తయ్యగారు వంకాయలు తెచ్చారు. కొయ్యాలి. మళ్ళీ రాస్తాను.

ప్రేమకుమారి


నందిగామ,
5 ఆగస్టు 2025

ప్రేమా,

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. నీ ఉత్తరం వచ్చేసరికి కుర్చీలు దిగాయి.

నీలం రంగువి. బాగానే ఉన్నాయి. మొన్న ఆదివారం వెళ్ళేసరికి ప్రతి కుర్చీ వీపు మీద తెల్ల పెయింటుతో రాయించారు, "దానం: శ్రీమతి కె. అహల్యగారు, రిటైర్డ్ టీచర్" అని. యాభై కుర్చీలు, యాభై నేను. ఎటు చూసినా నా పేరే. శాంతయ్యగారు నన్ను వేదిక మీదికి పిలిచి దండ వేశారు. ఇక నుంచి వేదిక మీదే కూర్చోమన్నారు. నేను కాదంటే చిన్నబుచ్చుకుంటారేమోనని కూర్చున్నాను. అక్కడి నుంచి నాకు కనిపించిందేమిటో తెలుసా? కుర్చీల్లో మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు వాటిని గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి, చాపలు పరుచుకుని, ఎప్పటిలాగే ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నారు. నేను ఇంకా ఎత్తుకి ఎక్కాను, అంతే.

మొన్నది మొదటి ఆదివారం. మళ్ళీ ప్రేమ విందు. మళ్ళీ విస్తళ్ళ వేళకి ఆటో. ఈసారి అరటిపళ్ళతో పాటు ఒక ఆపిలు.

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇంతమంది కోసం ప్రార్థన చేసే మనుషులు, నాకు నిద్ర పట్టాలని ఏడ్చిన మనుషులు, ఒక విస్తరి వెయ్యడానికి ఏం అడ్డొచ్చింది? నేను వాళ్ళకి ఏం తక్కువ చేశాను? తల మీద కొంగు వేసుకున్నాను, పాటలు నేర్చుకున్నాను, కుర్చీలిచ్చాను. బాప్తిస్మం తీసుకోవాలని కూడా మనసులో ఉంది. కానీ బంతిలో కలుపుకోని వాళ్ళ దగ్గర ఏ నీళ్ళలో మునిగితే ఏం లాభం? మీవాళ్ళ పద్ధతి నాకు అర్థం కావడం లేదు. ఇంకేం చెయ్యాలో మీవాళ్ళని నువ్వే అడిగి రాయి.

అహల్య


జగ్గయ్యపేట,
14 ఆగస్టు 2025

అహల్యగారికి,

ఈ ఉత్తరం మా రత్తయ్యగారికి చూపించకుండా రాస్తున్నాను. రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది.

మీవాళ్ళని అడిగి రాయమన్నారు. ఎవర్నీ అడగక్కర్లేదు. నాకు తెలుసు.

మనం ఆ బళ్ళో చేరిన కొత్తలో ఒక శుక్రవారం నేను చింతచిగురు పప్పు తెచ్చాను. మా అమ్మ చేసి పంపింది. బాక్సు మూత తీసి మీ ముందుకి జరిపాను. మీరు నవ్వి, "ఇవాళ శుక్రవారం ప్రేమా, ఒంటిపూట" అన్నారు. అన్నాక అరగంటకి సైన్సు మేడం బాక్సులోంచి పులిహోర తిన్నారు. సరే, మరిచిపోయారనుకున్నాను. ఇంకో వారం మంగళవారం చూసి మళ్ళీ జరిపాను. కడుపులో బాగా లేదన్నారు. మూడోసారి నేను జరపలేదు. మూత నా వైపుకి తీసి పెట్టుకుని తిన్నాను, పదకొండేళ్ళు. నేను జరపడం మానేశానని మీరు గమనించను కూడా లేదు. నాకు బాధ అనిపించింది దానికి.

మీ గృహప్రవేశానికి బడి మొత్తం వచ్చింది. అందరూ లోపలికి వెళ్ళి గదులు చూస్తున్నారు. మీ అత్తగారు నాకు వరండాలో కుర్చీ వేయించారు. మంచి కుర్చీ, ఫ్యాను కింద. "ఇక్కడ గాలి బాగా వస్తుందమ్మా" అన్నారు. అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ, నాకు కాగితం గ్లాసులో. మీరు గుమ్మంలోంచి చూశారు. చూసి లోపలికి వెళ్ళారు. ఆ తరువాత మీ ఇంటికి మళ్ళీ వచ్చింది కుటుంబరావుగారు పోయిన రోజే. ఆ రోజు కూడా వరండాలోనే నిలబడి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు, నా కాళ్ళే ఆగాయి. నా మోకాళ్ళకి ఏమీ కాలేదు, అహల్యగారూ. రోజూ మేడ మీదికి రెండుసార్లు ఎక్కి దిగుతున్నాను.

మరి స్నేహం ఎందుకు చేశానంటారా? మా సుశాంత్ పుట్టినప్పుడు మూడు నెలలు నా క్లాసులన్నీ మీరే తీసుకున్నారు. తెలుగు మేడం అయ్యుండి ఏడో తరగతికి లెక్కలు చెప్పారు, తప్పులతో సహా. నాకు మెమో ఇస్తానన్న హెడ్మాస్టరుతో మీరు గొడవ పడ్డారు. అవన్నీ నిజం. చింతచిగురు పప్పు కూడా నిజం. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇన్నేళ్ళు మోశాను.

మీ చర్చిలో వాళ్ళు మిమ్మల్ని వేరు పెట్టడం లేదు. విస్తరి వేస్తే మీరు వద్దంటారేమోనని భయపడుతున్నారు. వద్దనిపించుకోవడం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. మీ పరువూ తమ పరువూ రెండూ నిలబడాలని ముందే ఆటో పిలుస్తున్నారు. సౌభాగ్యమ్మకి ఆ భయం ఎక్కడ అంటుకుందో నాకు తెలియదు. మీకు తెలిసే ఉంటుంది.

కుర్చీ మీకు వాళ్ళు వేశారనుకుంటున్నారు. కాస్త ఆలోచించండి.

ప్రేమకుమారి


జగ్గయ్యపేట,
20 సెప్టెంబరు 2025

అహల్యగారికి వందనాలు.

అయిదు వారాలయింది. నా ఉత్తరం అందిందో లేదో తెలియడం లేదు. అంది ఉంటే కోపం వచ్చిందేమో. వస్తే రానివ్వండి, కానీ ఒక కార్డు ముక్క రాయండి. రాసినందుకు నేను విచారపడటం లేదు. మీరెలా ఉన్నారో తెలియకపోవడమే బాగా లేదు. మా రత్తయ్యగారు రోజూ పోస్టుమాన్‌ని నిలదీస్తుంటే అతను వీధి మార్చి తిరుగుతున్నాడు.

నిద్ర పడుతోందా?

ప్రేమకుమారి


నందిగామ,
7 అక్టోబరు 2025

ప్రేమా,

నీ ఉత్తరం అందింది. రెండూ అందాయి. మొదటిది చదివిన రోజున నీ మీద చాలా కోపం వచ్చింది. మా అత్తగారు చేసిన దానికి నేనేం చేస్తానని పేజీన్నర రాశాను. చదువుకుంటే అందులో ఒక్క మాట నిజం లేదు. ఆ రోజు గుమ్మంలోంచి చూశాను. నీ చేతిలో కాగితం గ్లాసు చూశాను. చూడనట్టు లోపలికి వెళ్ళాను. శుక్రవారం ఒంటిపూట అబద్ధం. కడుపులో బాగా లేకపోవడం అబద్ధం. పదకొండేళ్ళు నువ్వు బాక్సు జరపకపోతే, హమ్మయ్య, ఇక సాకులు వెతుక్కోనక్కర్లేదని నాకు హాయిగా ఉండేది. గమనించలేదని నువ్వు అనుకున్నావు. గమనించాను. అంతకంటే పాపం ఇంకేముంటుంది?

చర్చికి అయిదు వారాలు వెళ్ళలేదు. ఆ చాపల ముందు వేదిక మీద కూర్చోవడానికి సిగ్గేసింది.

సౌభాగ్యమ్మకి ఆ భయం ఎక్కడ అంటుకుందో నాకు తెలుసన్నావు. తెలుసు. ఎనిమిది నెలలు ఆమె మా ఆయనకి జావ తాగించింది, మూతి తుడిచింది, గుడ్డలు మార్చింది. అది చెయ్యడానికి లోపలి గదిలోకి రావచ్చు. మధ్యాహ్నం తన బాక్సు తినడానికి మాత్రం పెరటి మెట్ల మీదికి వెళ్ళేది. వెళ్ళమని నేను అనలేదు. లోపల తినమనీ అనలేదు.

నీ రెండో ఉత్తరం వచ్చాక గురువారం మిట్టమధ్యాహ్నం సౌభాగ్యమ్మ ఇంటికి వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళాను. ఆమె డ్యూటీకి బయలుదేరుతోంది. నన్ను చూసి కంగారుపడి పక్కింట్లో కుర్చీ కోసం కేకేసింది.

"కుర్చీ వద్దు. ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా మేడంగారూ?" అంది. నా నుదురు ముట్టుకుని చూసింది కూడా.

"బాగానే ఉంది. అన్నం పెట్టు."

"అయ్యో, బాక్సు కట్టేసానండీ. దోసకాయ పప్పే ఉంది. ముందే చెప్తే ఏదన్నా చేసేదాన్ని కదా."

"ఆ బాక్సే విప్పు."

ఆమె భుజాన ఉన్న సంచి దించింది. అప్పుడు కింద కూర్చుని బాక్సు విప్పింది. రెండు పళ్ళేల్లో సగం సగం పెట్టింది. నేను ఎదురుగా కూర్చున్నాను. ముద్ద కలిపాను గాని నోట్లోకి వెళ్ళలేదు, ముందు చెప్పాల్సింది ఉంది. "మా ఇంట్లో ఎనిమిది నెలలు మెట్ల మీద తిన్నావు. లోపలికి రమ్మనలేదు. తప్పు చేశాను, సౌభాగ్యమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు. పప్పులో మెతుకులు కలుపుకుంటూ చెప్పింది. "బాబుగారు అన్నారండీ ఒకసారి. మాట తిరగదు కదా, చేత్తో చూపించి లోపలే తినమన్నారు. మేడంగారు ఏమంటారోనని నేనే రాలేదు. ఆయన ఆ పూట జావ తాగలేదు."

ప్రేమా, ఆ పూట నాకు గుర్తుంది. ఆయన ఎందుకు తాగడం లేదో తెలియక నేను విసుక్కున్నాను.

అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ఆమె నన్ను ఏడవనిచ్చింది. ఊరుకోమనలేదు, పరవాలేదనీ అనలేదు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాక, "తినండి, చల్లారిపోద్ది" అంది. తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. అదీ చెప్పాను. "మీరు ఏడుస్తా తిన్నారుగా, అందుకే" అని నవ్వింది.

మొన్న ఆదివారం చర్చికి వెళ్ళాను. శాంతయ్యగారు వేదిక మీద కుర్చీ చూపించారు. నేను చెప్పులు విప్పి ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి ఏడ్చిన ఆ ముసలమ్మ, ఆమె పేరు వలీబీ అట, దూదేకుల వాళ్ళ పిల్ల, పెళ్ళి చేసుకుని నలభై ఏళ్ళ కిందట ఈ చర్చికి వచ్చిందట, తన పక్కనున్న పిల్లని ఒళ్ళోకి లాక్కుని జానెడు చోటు చేసింది. కూర్చున్నాను. మోకాళ్ళు నిజంగానే నొప్పి పెట్టాయి, నీవి కాదు, నావి. లేవాల్సినప్పుడల్లా ఇద్దరు చెరో రెక్క పట్టుకుని లేపారు. బాక్సులకి దూరంగా ఉండటంతో సగం వాక్యం వినపడలేదు. వలీబీ పిన్ని నా చెవిలో అరిచి చెప్పింది, తప్పులు తప్పులుగా.

మొదటి ఆదివారం కదా. విస్తళ్ళ వేళకి సౌభాగ్యమ్మ ఆటో పిలవలేదు. నా చేతిలో సాంబారు బక్కెటు పెట్టింది. నేను రెండు బంతులు వడ్డించాను. మూడో బంతిలో రెడ్డిగూడెం నుంచి చుట్టపు చూపుగా వచ్చిన ఒకావిడ, "ఎవరీ మేడం?" అని అడిగింది. సౌభాగ్యమ్మ తల ఎత్తకుండా, "మా అహల్యమ్మ" అంది. నేను పొంగిపోయి నిలబడ్డాను. వెంటనే ఆమె నా వైపు తిరిగి, "ఏం అహల్యమ్మా, అడుగు నుంచి తిప్పి పొయ్యాలి గాని, పైపైన నీళ్ళు పోసుకుంటా పోతే ముక్కలన్నీ చివరోళ్ళకేనా?" అని కసిరింది. అంతమందిలో. ముప్పయ్యేళ్ళ సర్వీసులో హెడ్మాస్టరు కూడా నన్ను అలా కసరలేదు. నాకెంత సంతోషం కలిగిందో నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

శాంతయ్యగారిని బాప్తిస్మం అడిగాను. డిసెంబరులో మునేరు ఏట్లో నీళ్ళు తగ్గాక ఇస్తామన్నారు.

నిన్ను క్షమాపణ అడగడానికి మంచి మాటల కోసం వెతికాను. తెలుగు పండితురాలిని, ఒక్కటీ దొరకలేదు. తప్పు చేశాను. నన్ను క్షమించు. ఇన్నేళ్ళుగా నిన్ను రా రా అని పిలిచానే గాని, మీ ఇంటికి వస్తానని ఒక్కసారీ అనలేదు. వస్తాను. రానిస్తావా?

నీ
అహల్య


జగ్గయ్యపేట,
12 అక్టోబరు 2025

అహల్యా,

నీ ఉత్తరం మొదట నేనే చదివాను. తరువాత రత్తయ్యగారికి ఇచ్చాను. ఆయన చదివి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మొక్కలకి నీళ్ళు పోశారు. వాన పడుతోంది అప్పుడు.

మా ఇంటికి తప్పకుండా వద్దువుగాని. ముందు నేనే రావాలి. మీ ఇంట్లో గదులు ఎన్నో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చే ఆదివారం ఏడు గంటల బస్సుకి ఇద్దరం వస్తున్నాం. ముందు మీ చర్చికి వెళదాం. వలీబీ పిన్నిని ఇంకొంచెం జరగమని చెప్పు, నేను కాస్త ఒళ్ళు చేశాను.

ఆరాధన అయ్యాక మీ ఇంట్లో భోజనం. నువ్వు ఏం వండుతావో అది. వంటింట్లోనే, కింద కూర్చుని తిందాం. సౌభాగ్యమ్మని కూడా పిలువు.

క్షమించావా అని అడిగావు. చాలావరకు క్షమించాను. ఇంకా కాస్త కోపం మిగిలి ఉంది, దాన్ని ఉత్తరంలో రాయడం నాకు చేతకాదు. అన్నం తింటూ తిడతాను. నీ మిషను సరిగ్గా పెట్టుకుని కూర్చో.

నీ
ప్రేమ